చొక్కా మడతలో తేనెటీగ

తేనెటీగలాయన అంటే ఆ వీధిలో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ముప్పై ఏళ్లుగా ఈగల పెట్టెలే ఆయన బతుకుతెరువు. చేతికి తొడుగు వేసుకోమంటే నవ్వేవాడు. "కుడితే కుట్టనీ, ఒళ్లు అలవాటు పడాలిగా" అన్నది ఆయన పాట. పోయినేడు ఒక్క ఈగ కుట్టి భార్యకి ఒళ్లంతా దద్దుర్లు లేచి ఆయాసం వచ్చినప్పుడూ అదే పాట పాడాడు. డాక్టరమ్మ నాలుగు చీవాట్లు పెట్టి, పెన్నులాంటి మందు సూది ఒకటి చేతిలో పెట్టింది. మళ్లీ కుట్టి ఊపిరి ఆడకపోతే ముందు తొడలో పొడవాలి, తర్వాతే ఆసుపత్రి అని ఆయనచేత రెండుసార్లు చెప్పించుకుంది. ఆయన దాన్ని వంటింటి అలమరలో పెట్టి ఊరుకున్నాడు.

ఆ ఉదయం భార్య పెరట్లో ఆయన పని చొక్కా తడపబోతూ దులిపింది. మడతలో ఇరుక్కున్న ఈగ మణికట్టు మీద కుట్టింది. కేక విని ఆయన వచ్చేసరికి పెదవులు ఉబ్బిపోయాయి, మెడంతా ఎర్రబడింది. మాట రావడం లేదు, గొంతులోంచి ఈల మాత్రం వస్తోంది.

ఆయన అంబులెన్సుకి ఫోన్ చేసి, సూది తెచ్చి, మూత తీశాడు. అక్కడితో చెయ్యి ఆగిపోయింది.

"పొడవనా? ఏమే, పొడవమంటావా?"

ఆవిడ కళ్లతో చూసిందంతే. వేల ఈగల మధ్య వట్టి చేయి పెట్టే మనిషి ఒక్క సూదికి జంకాడు. కాసేపు చూస్తే అదే తగ్గుతుందేమో అన్న పాత బుద్ధి ఒకటి అడ్డం వచ్చింది. మళ్లీ అడిగాడు. ఈసారి ఆవిడ తల పక్కకి వాలిపోయింది. అప్పుడు పొడిచాడు, బట్ట మీదుగానే, తన బరువంతా వేసి.

రెండు నిమిషాలు రెండు యుగాలయ్యాయి. ఈల సన్నబడింది. ఆవిడ గాలి లోపలికి లాగుతుంటే ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మిమ్మల్ని ఏటా వందలు కుడతాయి, మీ ఒళ్లు పట్టించుకోవడం మానేసింది," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. "ఈవిణ్ణి ఎప్పుడో ఒకటి కుట్టింది. ఒంట్లో కాపలా కాసే శక్తి ఆ విషాన్ని గుర్తుపెట్టుకుంది. ఇవాళ చిటికెడు విషం కోసం ఇల్లంతా తగలబెట్టబోయింది. ఇది అలవాటయ్యేది కాదు, ప్రతిసారీ ముదరొచ్చు. రేపటిదాకా ఇక్కడే ఉంచండి, కొన్ని గంటలకి ఆయాసం మళ్లీ రావచ్చు."

ఆవిడ ఒక్క పెట్టె దగ్గరికీ వెళ్లి ఎరగదు. ఆయనే ఈగల్ని ఇంటికి మోసుకొచ్చాడు, చొక్కాలో, ముప్పై ఏళ్లూ. ఆ సంగతి ఆయనకి అప్పుడు తట్టింది.

"పెట్టెలన్నీ ఇచ్చేస్తాను," అన్నాడు మంచం పక్కన.

"ఇచ్చి ఏం చేస్తారు, నా మొహం చూస్తూ కూర్చుంటారా?" ఆవిడ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఆ సూది మీ జేబులో ఉండాలి. ఇంకోసారి మాత్రం నన్ను అడుగుతూ నిలబడకండి."