రెండో బటన్

కటింగ్ అత్తకి కోపం ముక్కు మీదే ఉంటుందని ప్రెస్సులో అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. ఇరవయ్యారేళ్లుగా వచ్చిన కోపాన్ని వచ్చినట్టే మింగేసిన మనిషి ఆవిడ. ఆయుధపూజ నాడు మాత్రం మింగలేకపోయింది. నన్నడిగితే, మింగకపోవడమే మంచిదయింది.

అత్త పని కాగితాలు కోయడం. అచ్చయిన కాగితాల దొంతరని మిషన్ బల్ల మీదకి తోసి, అంచులు తట్టి సమం చేసి, చేతులు వెనక్కి తీసుకుని, బల్లకి చెరో పక్కనున్న రెండు బటన్లూ ఒకేసారి నొక్కాలి. అప్పుడే బ్లేడు దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే బ్లేడు కిందకి ఏ చెయ్యీ పోదు. ఆ మిషన్‌ని అలా తయారుచేసింది అందుకే.

నాలుగు నెలల కింద కుడి బటన్ స్ప్రింగ్ పోయింది. ఒకసారి పనిచేస్తే మూడుసార్లు మొరాయించేది. మెకానిక్‌ని పిలవమని అత్త చెప్పింది. తండ్రి పోయాక ప్రెస్సు చూసుకుంటున్న చిన్నసారు మెకానిక్‌ని పిలవలేదు. బటన్ నొక్కే ఉండేలా దాని మీద అట్టముక్క పెట్టి టేపు చుట్టించాడు. ఇక ఎడమది ఒక్కటి నొక్కితే చాలు, బ్లేడు దిగుతుంది. పైగా పని తొందరగా అవుతోందని మురిసిపోయాడు. అత్త ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆవిడ మాత్రం టేపు చుట్టిన బటన్ మీద కూడా కుడి చెయ్యి పెట్టే నొక్కేది. అలవాటనుకోండి, మొండితనమనుకోండి. అత్తకి వయసైపోయింది, చెయ్యి ఆడటం లేదని చిన్నసారు తేల్చేశాడు. పండగ వెళ్లిన మర్నాటి నుంచి ఆవిడని ప్యాకింగ్‌లోకి మార్చి, ఆవిడ మేనకోడల్ని మిషన్ మీద పెడతానన్నాడు. చురుకైన పిల్లట. ఒంటి చేత్తో చకచకా లాగించేస్తుందట.

ఆ పిల్ల అత్త తమ్ముడి కూతురు. తల్లి లేకపోతే అత్తే పెంచి పెద్దచేసి, పెళ్లి చేసింది. ఏడాదిగా అదే ప్రెస్సులో కాగితాలు మడతపెడుతోంది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. చిన్నసారు ఆ మాట అన్నప్పటి నుంచి అత్తకి ముద్ద దిగడం లేదు.

పెద్దాయన రోజుల్లో ఆయుధపూజంటే ఇలా ఉండేది కాదు. అత్త పనిలో చేరినప్పుడు మిషన్‌కి బటన్లే లేవు, ఒకటే లివరు. ఆ ఏడాదే పెద్దాయన కుడిచేతి వేళ్లు రెండు దాని కింద పోయాయి. ఆసుపత్రి నుంచి రాగానే ఆయన దాన్ని తుక్కు కింద అమ్మేసి ఈ రెండు బటన్ల మిషన్ కొన్నాడు. అప్పటి నుంచి పండగనాడు పొద్దున్నే మిషన్ ఆపించేవాడు. బ్లేడు విప్పి సానకి పంపేవాడు. మరలన్నీ తుడిచి, నూనె పోసి, అరిగినవి మార్పించి, ఆ తర్వాతే పసుపు, కుంకుమ. మర్నాడు పొద్దుటి దాకా దాన్ని ఎవరూ తాకకూడదు. అన్నం పెట్టే ఆయుధానికి ఏడాదికోరోజు విశ్రాంతి ఇచ్చి, దాని ఒళ్లు ఎలా ఉందో చూసుకోవడమే పూజ అనేవాడు. పాండవులంతటి వాళ్లు జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాల జోలికి ఏడాది పాటు పోలేదే, మనం ఒక్కరోజు ఆగలేమా అనేవాడు.

చిన్నసారుకి ఆ ఒక్కరోజు కూడా బరువైపోయింది. పది గంటలకి పూజ, పదకొండుకల్లా క్యాలెండర్ల కటింగ్ మొదలు. ఆర్డర్లిచ్చే పెద్దమనుషుల్ని పిలిచాడు. మిషన్‌కి బారెడు బంతిపూల దండలు వేయించాడు, రంగుల లైట్లు చుట్టించాడు. టేపు చుట్టిన బటన్‌కి కూడా ఇంత బొట్టు. పైన పటారం, లోన లొటారం! ఆ బొట్టు చూసేసరికి అత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పళ్లు బిగబట్టి హారతి కళ్లకద్దుకుంది.

గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టారు. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. చిన్నసారుకి వీడియో కావాల్సొచ్చింది. బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు కదా, మనం మిషన్‌తో నిమ్మకాయ కోయిద్దాం అన్నాడు. ఇదెక్కడి ఆచారం నాయనా అని పంతులుగారు గొణిగి ఊరుకున్నారు. రేపట్నుంచి మిషన్ మీద ఉండే అమ్మాయే కోయాలని చిన్నసారు మేనకోడల్ని ముందుకి పిలిచాడు. బల్ల మీద పెడితే నిమ్మకాయ దొర్లిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ దొర్లింది.

"కుడిచేత్తో పట్టుకోమ్మా, ఎడంచేత్తో నొక్కు," అన్నాడు చిన్నసారు ఫోను ఎత్తి పట్టుకుని.

ఆ పిల్ల పట్టుకుంది. కుడిచెయ్యి మణికట్టు దాకా బ్లేడు కింద ఉంది. ఎడమచెయ్యి బటన్ మీదకి వెళ్తోంది.

అత్త ఎప్పుడు కదిలిందో ఎవరూ చూడలేదు. గోడ మీది మెయిన్ స్విచ్ కిందకి లాగేసింది. లైట్లు, ఫ్యాన్లు, మిషన్ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఏం కాదత్తా, నిమ్మకాయే కదా," అన్నాడు చిన్నసారు ఇంకా నవ్వుతూనే.

"ఏం కాకపోతే మీరు పెట్టండి సార్ చెయ్యి. నేను నొక్కుతాను."

ఆయన పెట్టలేదు. పెట్టలేదు సరికదా, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీ నాన్నగారు మిగిలిన మూడు వేళ్లతో మీకు అన్నం కలిపి పెట్టేవారు. ఇక్కడే, ఈ కాగితాల కట్టల మీద కూర్చోబెట్టుకుని. నేను చూశాను. తక్కువైన ఆ రెండు వేళ్లూ ఎక్కడ పోయాయో మీకు తెలీదా?"

పెద్దమనుషుల ముందు చిన్నసారు మొహం కందగడ్డ అయింది. రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు. సరేనంది అత్త. అని, స్పానరు తీసి బ్లేడు బోల్టులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. ఆ బ్లేడు విప్పాలన్నా బిగించాలన్నా ఆ ప్రెస్సులో ఆవిడ ఒక్కదానికే వచ్చు. వెంట్రుకవాసి తేడా వస్తే కోతంతా వంకర. దించడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఉద్యోగాలున్న వాళ్లెవరూ ముందుకి రాలేదు. ఆఖరికి పంతులుగారే ఉత్తరీయం నడుముకి బిగించి రెండో కొస పట్టుకున్నారు. అత్త బ్లేడుని చెక్కపెట్టెలో పెట్టి, మూత వేసి, ఆ మూత మీద కూర్చుంది. రెండో బటన్ బాగయ్యేదాకా లేవనంది.

చిన్నసారు అరిచాడు. తర్వాత బతిమాలాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు, పిలవలేదు. కోయాల్సిన క్యాలెండర్లు గుట్టలుగా పడున్నాయి. మధ్యాహ్నం రెండింటికి మెకానిక్ వచ్చాడు. నాలుగు నెలలుగా కుదరని పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అత్త మెయిన్ స్విచ్ వేసి ఒక చేత్తో నొక్కి చూసింది, మిషన్ కదల్లేదు. రెండు చేతులతో నొక్కింది, కదిలింది. బ్లేడు రేపు పొద్దున బిగిస్తాను, ఇవాళ దాన్ని ముట్టుకోకూడదని చెప్పి చెప్పులు వేసుకుంది. పనిలోకి రావద్దన్న మాట చిన్నసారు మళ్లీ ఎత్తలేదు.

గెలిచింది కదా, చల్లబడాలి కదా. చల్లబడలేదు. మేనకోడలు చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చీ రాగానే విరుచుకుపడింది.

"నీకు బుద్ధుందటే? ఆయన పెట్టమంటే చెయ్యి తీసుకెళ్లి బ్లేడు కింద పెట్టేస్తావా?"

ఆ పిల్ల ఏడవలేదు, కసురుకోలేదు. తెల్లమొహం వేసి చూసింది.

"చేరిన రోజు నువ్వే చెప్పావు కదత్తా, సారు ఏం చెప్తే అది చెయ్యి, ఎదురు చెప్పకు అని."

అవును, అత్తే చెప్పింది. ఆ ఒక్కరోజే కాదు, ఏడాదిగా రోజూ టిఫిన్ క్యారేజీ చేతికిస్తూ చెప్పింది. పిల్ల ఉద్యోగం నిలబడాలని చెప్పింది. ఆ పిల్ల బుద్ధిగా విన్నది. పొద్దుట్నుంచి చిన్నసారు మీద రగిలిన కోపమంతా ఇప్పుడు తన మీదకే తిరిగి, అత్త ఆ వీధి మధ్యలోనే నిలబడిపోయింది.

"అలా చెప్పినందుకు ముందు నన్ను కొట్టాలి చెప్పుతో," అంది.