యూన్ తాత సమానం

యూన్ తాతకి ఎక్కువ తక్కువలంటే ఒళ్ళు మంట. మా నాట్ల గుంపు పదిమందిమి గంజి తాగుతుంటే, నా చిప్పలో ఒక మెతుకు ఎక్కువ తేలిందని వేలితో తీసి పక్కవాడి చిప్పలో వేసేవాడు. ఖేమ్ అత్త తుమ్మితే మిగతా తొమ్మిదిమందిమీ తుమ్మాల్సిందే.

"నాకు రావట్లేదు తాతా!"

"రప్పించుకో! ఆవిడొక్కత్తే తుమ్మడానికి ఆవిడేమన్నా రాణిగారా?"

ఆ రోజుల్లో బట్టంబాంగ్ పొలాల్లో అందరూ ఒకటేనని దేశాన్ని ఏలుతున్న విప్లవ సంస్థ శాసనం. అందరికీ నల్లబట్టలే, ఒకటే క్షవరం, ఒకటే వంటశాల. కానీ చదువుకున్నవాడు దొరికితే మాత్రం "పై చదువుకి" అంటూ అడవిలోకి తీసుకెళ్ళేవారు. అంతకు ముందు వారమే పక్క గుంపులోని హేంగ్ ముక్కు మీద కళ్ళజోడు మచ్చ చూశారు. అతను తిరిగి రాలేదు.

నేను రాజధాని నాంపెన్‌లో లెక్కల పంతుల్ని. ఇక్కడ మాత్రం రిక్షా తొక్కేవాణ్ణని చెప్పుకున్నాను. పక్కవాడి చిప్పలో మెతుకుల్ని కూడా గమనించే ఈ ముసలాయన నన్నెప్పుడు పట్టేస్తాడోనని రోజూ వణికేవాణ్ణి.

నాట్లు మొదలయ్యాయి. అందరూ వెనక్కి అడుగులేస్తూ చకచకా నాటేస్తుంటే, చూసి చూసి నేనూ నాటాను. సాయంత్రానికి బాగానే నిలబడ్డట్టు కనబడింది. పొద్దున వచ్చి చూస్తే నా సాలు మొత్తం నీళ్ళ మీద తేలుతోంది. రిక్షావాళ్ళయినా పల్లెల నుంచి వచ్చినవాళ్ళే, వాళ్ళకీ నాట్లు వచ్చు. రానిది పంతుళ్ళకే. అంతలో గట్టు చివర పెత్తందారు వుత్, వెనక ఇద్దరు తుపాకీవాళ్ళు కనబడ్డారు.

"ఏంటిది?" యూన్ తాత కేక పెట్టాడు. "ఒక్కడిదే తేలడమేంటి? అన్యాయం! సమానం చెయ్యాలి!"

"తాతా, నీకు దణ్ణం పెడతా, మెల్లగా!"

వినలేదు. దభీమని మడిలోకి దూకి, అందరి సాళ్ళలోనూ నారు పీకి నీళ్ళ మీదకి విసిరేశాడు. తన సాలయితే మరీ ఎక్కువ పీకాడు.

"నీ చేతులు పడిపోను!" అని ఖేమ్ అత్త తిడుతూనే ఉంది. ఈలోగా వుత్ వచ్చేశాడు.

"నాట్లు రానివాడెవడో ఉన్నాడు మీలో. ఎవడు?"

"ఎవరికీ రావు, మిత్రమా," అన్నాడు తాత. "ఒకడికొచ్చి ఇంకొకడికి రాకపోతే, సమానం ఎక్కడుంది?"

వుత్ ఓసారి వెనక్కి తిరిగి చూశాడు. కాదంటే సంస్థ మాటకే ఎదురు చెప్పినట్టవుతుంది, వెనక తుపాకీవాళ్ళు వింటున్నారు. పదిమందినీ పట్టుకెళ్తే నాటేదెవరు?

"ఈ పూట ఎవరికీ గంజి లేదు! మళ్ళీ నాటండి!"

"ఎవరికీ లేదుగా? అయితే సరే," అన్నాడు తాత తృప్తిగా.

వాళ్ళు కనుమరుగయ్యాక నా పక్కన వచ్చి వంగాడు. నా బొటనవేలు నారు మొదట్లో పెట్టి, బురదలోకి గట్టిగా అదిమాడు.

"ఇలా నొక్కాలి, పంతులూ."

ఆ పిలుపుకి చటుక్కున తలెత్తాను. "నీకెలా తెలుసు?"

"రిక్షా తొక్కేవాడి పిక్కలేనా అవి? వచ్చిన రోజే తెలుసు." మరో నాలుగు మొక్కలు అదిమించి, నడుం పట్టుకుని లేచాడు. "వేగిరం నేర్చుకో నాయనా. నలభయ్యేళ్ళు తిన్నగా నాటినోణ్ణి, నా సాలు నేనే పీక్కుంటే ప్రాణం ఉసూరుమంది. రేపు కూడా నీది తేలిందంటే, నీతో సమానం కావడం నా వల్ల కాదు!"