కంచె దాటని ఒడిబియ్యం

మొన్న శుక్రవారం మా కోడలు తలంటు పోసుకుని, బజారులో దొరికే గిన్నె సాంబ్రాణి వెలిగించి ఇల్లంతా పొగ పట్టింది. వాసన బాగానే ఉంది గానీ, ఇది సాంబ్రాణి కాదని నా ముక్కు మొండికేసింది. దానికి పొగరెక్కువ, సలాలాలో పెరిగిన ముక్కు మరి.

డెబ్బైల మొదట్లో మా నాన్న ఒమాన్ దక్షిణపు కొసన ఉన్న ఆ ఊళ్లో ఆసుపత్రి కాంపౌండరు. ఎడారికి తీసుకుపోతున్నారని దారంతా ఏడ్చిన అమ్మ, అక్కడి కొబ్బరితోటలూ అరటితోటలూ చూసి మా కోనసీమే అనుకుని కళ్లు తుడుచుకుంది. ఊరిచుట్టూ ఉన్న ముళ్లకంచె చూసి మళ్లీ ఏడ్చింది. ఎన్నో ఏళ్లు ఏలిన ముసలి సుల్తాను రేడియో వినాలన్నా, ఊరు దాటాలన్నా తన అనుమతి కావాలనేవాడట. అది భరించలేక కొండల్లోని జనం తిరగబడ్డారు. మేం వెళ్లేసరికి ఆయన్ని కొడుకే దింపేశాడు గానీ కొండల్లో పోరు ఆగలేదు, కంచె కూడా అలాగే ఉంది. ఎటు నడిచినా కాసేపటికి కంచె దగ్గరే తేలేవాళ్లం. ఆటలు కూడా అవే. ఒకరు సిపాయి, మిగిలినవాళ్లు పరికిణీ కుచ్చిళ్లలో పుట్నాలు దాచుకుని గేటు దాటాలి, దొరికితే జైలు. కంచె అవతలికి గుప్పెడు గింజలు పోయినా తిరుగుబాటుదార్లకే చేరతాయని సిపాయిలు నిజంగానే అందరినీ తడిమేవాళ్లు.

శ్రావణం వస్తే అక్కడా ముసురే. సన్నని తుంపర, పొగమంచు, ఆరని బట్టలు, డబ్బాలోనే మెత్తబడే అప్పడాలు, అంతవరకూ బూడిదరంగులో ఉండి ఒక్కసారిగా పచ్చబడే కొండలు. ఆ కొండల నుంచి నడిచొచ్చి మాకు సాంబ్రాణి అమ్మేది బఖీతా. నీలిబట్ట రంగు చేతులకు అంటుకుపోయిన సన్నటి మనిషి. భర్త తిరుగుబాటులో ఉన్నాడని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. ఆవిడ అరబ్బీకీ అమ్మ తెలుగుకీ పొంతన లేకపోయినా గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవాళ్లు.

ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం నాడు బఖీతా నిండు కడుపుతో వచ్చింది. అమ్మ వాయనం ఇచ్చి ఊరుకోలేదు. పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం అయిదు దోసిళ్లు ఒడిలో పోసి మూట కట్టించింది. కడుపుతో ఉన్న ఆడది వట్టి ఒడితో గడప దాటకూడదని ఆవిడ నమ్మకం. నిషేధం సంగతి అమ్మకు తెలుసు. కానీ ఒడిలో పోసిన బియ్యం ఆవిడ దృష్టిలో తిండిగింజలు కావు, దీవెన. "గొడుగు పట్టుకుని గేటు దాకా సాగనంపి రావే" అని నన్ను తోడు పంపింది.

గేటు దగ్గర బలూచీ సిపాయి మూట విప్పాడు. పచ్చటి బియ్యం చూసి, "యే కిస్‌నే దియా?" అని వాళ్ల ఉర్దూలో నన్నే అడిగాడు. ఎవరిచ్చారో చెప్పడానికి ఒక్క మాట చాలు. బఖీతా నావైపు చూడకుండా "సూక్, సూక్" అంది, బజారులో కొన్నానని. నేను తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను. బియ్యం బురదలో పోసేసి, ఆవిణ్ని రెక్క పట్టుకుని రేకుల షెడ్డులోకి తీసుకుపోయారు.

పరుగున వచ్చి చెప్పగానే అమ్మ చెప్పులేసుకుంది. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కడుపుతో ఉన్న మనిషండీ! నేనిచ్చానని చెప్తే వదిలేస్తారేమో."

"నువ్వెళ్తే ముగ్గురం లోపలుంటాం. నోర్మూసుకుని కూర్చో."

అమ్మ చెప్పులు విప్పేసింది. నాన్న నా తల నిమిరి, "మంచిపిల్ల, ఏం చెప్పలేదు" అని బిస్కట్ల పొట్లం ఇచ్చాడు. సిగ్గుగా ఉంది చెప్పడానికి, అన్నీ తిన్నాను.

బఖీతా మళ్లీ రాలేదు. ఏమైందని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. అమ్మ ఆ తర్వాత ఎవరి ఒడిలోనూ బియ్యం పోయలేదు, నా సీమంతానికి కూడా పక్కింటావిడ చేత పోయించింది. ఇప్పుడు అక్కడ కంచె లేదట, గేటు ఉన్న చోట నాలుగు వరుసల రోడ్డు వేశారట. అమ్మా లేదు, నాన్నా లేడు. అడిగిన సిపాయి ఎక్కడున్నాడో కూడా తెలియదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

ఆ బియ్యం మా అమ్మ ఇచ్చింది.