ఎవరి పోలిక అని అడిగిన రోజు

నా చిన్నప్పుడు, టీచర్లని కూడా పిల్లల్లాగే వ్యాన్లో ఎక్కించి ఊళ్ళు చూపించడానికి తీసుకెళ్తారని విని పగలబడి నవ్వాను. అప్పుడు మేము గుడివాడలో ఉండేవాళ్ళం. మా మేనత్త ఊరి బయట ఒక చిన్న బడిలో టీచరు. ఆ వేసవిలో పరిసరాల విజ్ఞానం పిల్లలకి ఎలా చెప్పాలో నేర్పడానికి బందరులో టీచర్లకి శిక్షణ పెట్టారు. చివరి రోజు అందర్నీ దివిసీమ తీసుకెళ్ళి మడ అడవులు చూపిస్తారట. టీచర్లు అల్లరి చేస్తే వాళ్ళ చేత గుంజీలు తీయిస్తారా అని నేను అడిగితే, మా అత్తయ్య నెత్తి మీద ఒక్కటి మొట్టి, వచ్చి నువ్వే చూసుకో అని నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది.

శిక్షణ ఇచ్చే ఆయన్ని అందరూ మాస్టారూ అనేవారు. తెల్ల పంచె, కాన్వాసు బూట్లు. ఆ వేషం చూసి నాకు నవ్వాగలేదు. కానీ ఆయన మంచివాడు, ఆ మాట ముందే చెప్పాలి. ఇప్పుడు చెప్పబోయేది విని ఆయన్ని తిట్టుకుంటారేమో అని నా భయం. పొద్దున్న నాగాయలంక దాటాక పడవ మీద మమ్మల్ని పాయలోకి తీసుకెళ్ళి, మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి ఎందుకు లేస్తాయో, వాటి మధ్య రొయ్య పిల్లలు ఎలా దాక్కుంటాయో, అడవి దట్టంగా ఉన్నచోట అల జోరు ఎలా తగ్గుతుందో చెప్పాడు. ఆయన చెప్తుంటే పెద్దవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని విన్నారు. పాఠం గోడల మధ్య కాదు, గాలి తగిలే చోట చెప్పాలి అనేవాడు. నేను ఆ తర్వాత అదే పనిలో ముసలిదాన్నయ్యాను గనక చెప్తున్నాను, ఆ పొద్దుటి పూట పాఠానికి వంక పెట్టడానికేమీ లేదు.

వంక అంతా మధ్యాహ్నం పాఠంలోనే ఉంది. ఉప్పెన వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. సముద్రానికి దగ్గర్లో ఒక పల్లె, చేపలు పట్టుకునేవాళ్ళది. పాత ఇళ్ళన్నీ నీళ్ళలో కొట్టుకుపోతే కొత్తగా కట్టి ఇచ్చిన ఇళ్ళు, ఒక తుఫాను షెల్టరు. ఆ షెల్టరు వరండాలో మాకు పులిహోర పొట్లాలు పంచారు. తినడం అయ్యాక మాస్టారు ఒక ఆవిణ్ణి పిలిపించాడు. నలభై లోపే ఉంటుంది, జుట్టు మాత్రం నెరిసిపోయింది. ఉప్పెనలో మొగుడు పోయాడు, కొడుకు పోయాడు. ఆవిడ ఒక్కతే మిగిలింది. శిక్షణకి ఏ జట్టు వచ్చినా, కాలేజీ పిల్లలు వచ్చినా, ఆఫీసర్లు వచ్చినా ఆవిణ్ణే పిలిచేవారట. బాగా చెప్తుందని పేరు.

నిజమే, బాగా చెప్పింది. అందుకే నాకు భయమేసింది. గాలి ఎటు నుంచి ఎటు తిరిగిందో, చప్పుడు ముందు ఎక్కణ్ణుంచి వినిపించిందో, నీళ్ళు వాకిట్లోకి వచ్చాక ఏం జరిగిందో మేము ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయమ్మా అని ఒక టీచరు అడగబోయేలోపే గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. ప్రతిసారీ ఆవిడ చెయ్యి పడే ఆ చోట సున్నం అరిగి నల్లబడి ఉంది. అందరూ రాసుకుంటున్నారు. ఆవిడ కూడా వాళ్ళు రాసుకునేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెడుతోంది. తాటిచెట్టు దగ్గరికి వచ్చేసరికి మాస్టారు మెల్లగా, అక్కడ కొంచెం వివరంగా చెప్పమ్మా అన్నాడు. చెప్పింది. చెట్టుని ఒక చేత్తో, పిల్లాణ్ణి ఒక చేత్తో పట్టుకుంది. ఒక చెయ్యి జారింది. ఏ చెయ్యో చెప్పక్కర్లేదు కదా.

ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆవిడ గొంతు వణకలేదు. కన్ను తడవలేదు. టీచర్లు పైట చెంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు, ఆవిడ మాత్రం ఇంకా ఏమైనా అడుగుతారా అన్నట్టు నిలబడింది. అడిగారు. మడ అడవి నరక్కుండా ఉంటే నీళ్ళు ఇంత దూరం వచ్చేవా అని ఒకరు, ముందుగా హెచ్చరిక అందిందా అని ఒకరు. మంచి ప్రశ్నలే. నేను ఇప్పుడు పరీక్ష పెట్టినా వాటికి మార్కులు వేస్తాను.

మా అత్తయ్య ఏమీ రాసుకోలేదు. అందరిదీ అయ్యాక, పక్కింటావిడతో అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టు అడిగింది.

"బాబు ఎవరి పోలిక అక్కా?"

ఎంత మామూలు ప్రశ్న! మన ఇళ్ళల్లో బిడ్డ పుడితే అందరూ మొట్టమొదట అడిగే ప్రశ్న. ఆవిడ చటుక్కున నోరు తెరిచింది. వాళ్ళ నాన్న పోలికే అనేవాళ్ళు అంది కాసేపటికి. అని, కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. అటూ ఇటూ చూసింది, ఏదో వస్తువు ఎక్కడో పెట్టి మర్చిపోయినదానిలా.

"అనేవాళ్ళమ్మా. నాకు కనపడట్లేదు. వాడి మొగం నాకు కనపడట్లేదు. చెప్పీ చెప్పీ నీళ్ళే మిగిలాయి తల్లీ."

అప్పుడు ఏడిచింది చూడండి. ఓరి దేవుడా, ఆ ఏడుపు! నేను నా జన్మలో అలాంటిది వినలేదు, వినకూడదు కూడా. వరండాలో అందరూ పొట్లాల కాగితాలు చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయారు. పిల్లాడు ఫొటో దిగిన పాపాన పోలేదు. ఇంటితో పాటు వాడి బట్ట ముక్క కూడా మిగల్లేదు. వాడి మొహం ఉన్నదల్లా ఈ తల్లి దగ్గరే. వచ్చిన ప్రతి జట్టుకీ నీళ్ళ గురించి చెప్తూ చెప్తూ అది ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియలేదు.

మాస్టారికి కోపం వచ్చింది. ఎందుకమ్మా ఆవిణ్ణి అలా గుచ్చి అడుగుతావు, మనం వచ్చిన పనేంటి, నువ్వడిగిందేంటి అన్నాడు. ఇంతసేపూ మీరు అడిగించిందేంటండీ అంది మా అత్తయ్య. అత్తయ్య ఎవరికైనా ఎదురు చెప్పగా నేనదే చూడటం. వ్యాన్ బయల్దేరే వేళయిందని అందరూ లేస్తే, మేము బస్సుకి వస్తాం మీరు వెళ్ళండి అని చెప్పేసింది. నేను వ్యాన్ వైపే చూస్తున్నాను. ఈ ఏడ్చే ఆవిడ దగ్గర మమ్మల్నిద్దర్నీ వదిలేసి వ్యాన్ వెళ్ళిపోతోందే అని.

ఆవిడ ఇంటి ముందు ఇసక మీద చేపలు ఎండబెట్టి ఉన్నాయి. మా అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఆవిడతో పాటు వాటిని తిరగేస్తూ కూర్చుంది. ఉప్పెన మాట ఎత్తలేదు. వాడికి ఏం కూర ఇష్టం, అలిగితే ఎక్కడ దాక్కునేవాడు, నిద్దట్లో కలవరించేవాడా, ఇవీ అడిగింది. చిన్న చిన్నవి వచ్చాయి. పడుకున్నప్పుడు అమ్మ పైట కొస నోట్లో పెట్టుకుని చీకేవాడట. పీతల్ని చూస్తే వాటికి పేర్లు పెట్టి పిలిచేవాడట. అన్నంలో ఉప్పు చాల్లేదని పెద్ద మగాడిలా గదమాయించేవాడట. అది చెప్తూ ఆవిడ నవ్వింది కూడా. మొహం మాత్రం రాలేదు.

అప్పుడు నా వైపు చూసింది. ఈ పిల్లంతే ఉండేవాడు అంది. నన్ను దగ్గరికి లాక్కుని రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. ఆ చేతులు నీచు వాసన. నాకు పారిపోవాలనిపించింది, ఏడుపొచ్చింది. మా అత్తయ్య కదలకు అన్నట్టు నా వీపు మీద చెయ్యి వేసింది. ఆవిడ వేళ్ళతో నా నుదురు తడిమింది, కనుబొమలు తడిమింది, ముక్కు తడిమింది. ముక్కు ఇలా లేదు అంది. చెవులు ఇంకా చిన్నవి అంది. గడ్డం ఇది కాదు అంది. వాడు ఎలా లేడో ఒక్కొక్కటే తెలుస్తోంది, ఎలా ఉండేవాడో మాత్రం తెలియడం లేదు. చాలాసేపు అలా చూసి చూసి, నన్ను వదిలేసింది.

"రాలేదమ్మా" అంది. అని మళ్ళీ చేపలు తిరగేయడానికి కూర్చుంది.

బస్సులో మా అత్తయ్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అవనిగడ్డలో బస్సు మారేటప్పుడు, నేను అడక్కుండా ఉండాల్సిందా అని నన్నే అడిగింది. పదేళ్ళ దాన్ని నేనేం చెప్తాను? ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. ఆ ప్రశ్న వేయకపోతే, వాడి మొహం పోయిన సంగతి ఆవిడకి తెలిసేదే కాదేమో. తెలియకుండా బతకడం కూడా ఒక బతుకే కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. మరి తెలియకపోతే, మిగిలిన పైట కొస, పీతల పేర్లు, ఉప్పు గదమాయింపు, అవి కూడా ఒక్కొక్కటే పోయేవి కదా అని ఇంకోసారి అనిపిస్తుంది. మా అత్తయ్య పోయేదాకా ఈ రెండింటి మధ్యే నలిగింది.

తర్వాత కొన్నాళ్ళకి మాస్టారు మా ఇంటికి వచ్చాడు. తరవాతి జట్టు వెళ్తే ఆవిడ తలుపు వేసుకుని బయటికే రాలేదట. ఎంత పిలిచినా పలకలేదట. వేసుకోనివ్వండి మాస్టారూ అంది మా అత్తయ్య. ఆయన కాఫీ తాగి లేచాడు. మొదటిసారి విన్నప్పుడు నేను రెండు రోజులు అన్నం తినలేదమ్మా, తర్వాత తర్వాత అలవాటైపోయింది అన్నాడు వెళ్ళేటప్పుడు. పల్లెలో వాళ్ళని పిలిపించడం ఆయన మానేశాడని విన్నాను.

నేనూ టీచర్నయ్యాను. చివరికి ఆయన చేసిన పనే, టీచర్లకి బయటి పాఠం నేర్పే పనే, నాకూ దొరికింది. ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నా ఇప్పటికీ పిలుస్తారు, వెళ్తాను. అదే పాయలోకి పడవ మీద తీసుకెళ్తాను. మడవేళ్ళు చూపిస్తాను. పల్లెలోకి వెళ్ళేముందు వ్యాన్ ఆపించి ఒకటే మాట చెప్తాను, ఉప్పెన గురించి ఎవర్నీ అడగొద్దని. కుర్ర టీచర్లు మొహాలు మాడ్చుకుంటారు. అంత దూరం వచ్చి అసలు విషయం అడక్కపోతే ఎలా మేడమ్ అంటారు. సెల్లులో వీడియో తీసుకుంటే పిల్లలకి చూపించొచ్చు కదా అంటారు. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో కావాలంటే పుస్తకాల్లో బోలెడుంది నాయనా, చదువుకోండి అంటాను. వాళ్ళంతట వాళ్ళు చెప్తే చేతిలో ఏమీ పెట్టుకోకుండా కూర్చుని వినమంటాను. చెప్పలేదా, చేపలు ఎలా ఎండబెడతారో అడిగి, ఒక చెయ్యి వేసి రమ్మంటాను. నన్ను చాదస్తం మనిషి అనుకుంటారు. అనుకోనీండి.

పోయినేడు మా ఆయన పోయారు. మన వైపు పరామర్శ సంగతి మీకు తెలియనిదేముంది. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోగానే, ఎలా జరిగిందండీ అంటారు. మనం మొదలుపెట్టాలి. నొప్పి ఎప్పుడొచ్చింది, ఏ ఆస్పత్రి, డాక్టరు ఏమన్నాడు, ఆఖరి మాట ఏంటి. వాళ్ళు లేవగానే ఇంకొకరు వస్తారు, మళ్ళీ మొదటి నుంచి. పాపం, ప్రేమతోనే అడుగుతారు. మొదటి రోజు నేనూ నలుగురైదుగురికి చెప్పాను. ఆ సాయంత్రం కళ్ళు మూసుకుంటే ఆస్పత్రి మంచం, ఆక్సిజన్ గొట్టం, ఆ పచ్చ కర్టెన్ తప్ప ఏమీ రాలేదు.

మర్నాటి నుంచి చెప్పడం మానేశాను. ఎవరడిగినా, ఆస్పత్రి సంగతి వదిలేయండి, ఆయన కోపమొస్తే ఎడమ కనుబొమ ఒక్కటే ఎలా పైకి లేపేవారో చెప్తాను వినండి అనేదాన్ని. మామిడిపండు తిన్నాక గడ్డం మీద రసం తుడుచుకోకుండానే కబుర్లు చెప్పేవారని, నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవని చెప్పేదాన్ని. పెద్దావిడకి మతి చలించిందని బంధువులు చెవులు కొరుక్కున్నారు. మా అబ్బాయి కూడా, అమ్మా కొంచెం పడుకోరాదూ అన్నాడు.

పొద్దున్నే మెలకువ రాగానే నేను కళ్ళు తెరవను. అలాగే పడుకుని, ఆయన మొహం వస్తుందా రాదా అని ముందు చూసుకుంటాను. ఆ కాసేపూ ఎంత భయమో చెప్పలేను. ఇవాళ కూడా వచ్చింది.