వేళ్ళతో సహా

బందరు మొక్కల చిత్రకారుల సంఘంలో వేళ్ళు గీయాలంటే డ్రాయింగు టీచరు దేవదానం మాస్టారే గీయాలి. వేళ్ళు లేని బొమ్మను సంఘం గోడకెక్కనివ్వదు. ఇక్కడి నల్లమట్టేమో తడిస్తే జిగురు, ఎండితే రాయి. మొక్కను పీకితే కాడ ఒక్కటే చేతికొస్తుంది. అందుకని మాస్టారు సంచీలో బొరిగె వేసుకుని సమాధుల దొడ్డికి వెళ్తారు. కొత్తగా పూడ్చిన చోట మన్ను గుల్లగా ఉంటుంది, వెంట్రుకంత వేరైనా తెగదు. తెచ్చిన మొక్కను సంఘం హాలు అరుగు మీద కడిగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఉన్నదున్నట్టు గీస్తారు. ఈ ఏడు ప్రదర్శనలో ఆయన బిళ్ళగన్నేరుకే మొదటి బహుమతి వచ్చింది. హాలు ఊడ్చే సువర్ణ ఆ బొమ్మ ముందు చీపురుతో అలాగే నిలబడిపోయింది.

"మా పాప సమాధి మీద నాటిన మొక్కండీ. కాడకు చుట్టిన ఆ నీలం రిబ్బను దాని జడది. మేక తినేసిందనుకున్నాను," అంది. ఆపైన అడిగింది, "వేళ్ళకున్న మట్టి ఏం చేశారండీ?"

"అరుగు మీదే కడిగానమ్మా," అన్నారు మాస్టారు ఓపిగ్గా. "మర్నాడు పొద్దున్నే కాలవలోకి ఊడ్చేసింది నువ్వేగా."

ఆ మాట అని, బొమ్మ దగ్గరికి వంగి, రిబ్బనుకు నీలం కాస్త ఎక్కువ పడిందేమోనని చూసుకున్నారు.