హద్దురాయి కింది బొగ్గు

ఈ రోజు పొద్దున కింది షెడ్డులో ఎవరో డ్రిల్లు మీద కూలెంట్ వదలడం మరిచిపోయారు. ఇనుము వేడెక్కి నూనె మాడిన వాసన మెట్లెక్కి నా కుర్చీ దాకా వచ్చింది. ఆ వాసన వస్తే నాకు యాదయ్య సార్ గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్లయింది. పోయినవాళ్లను తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండలో డిప్లొమా ముగించి, చిట్యాల దగ్గర హైవే పక్కనున్న ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. పంపుల భాగాలను కంప్యూటర్‌లో మోడల్‌గా తయారుచేసి పెద్ద కంపెనీలకు పంపడం మా పని. వాళ్లు దాన్ని చూసి తమ మిషన్ల మీద వస్తువు చేసుకుంటారు. చిక్కేమిటంటే మా సాఫ్ట్‌వేర్ వేరు, వాళ్ల సాఫ్ట్‌వేర్ వేరు. రెండూ చదవగలిగే మరో రకం ఫైలుగా మార్చి పంపాలి. ఆ మార్పిడిలో వస్తువు దాదాపు అలాగే వెళ్తుంది. కొంపలు మునిగేది ఆ ‘దాదాపు’ దగ్గరే. యాదయ్య సార్ అక్కడ సూపర్‌వైజర్. ఇరవై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి పైకొచ్చిన మనిషి. మౌస్ పట్టడం రాదు. నా కుర్చీ వెనక నిలబడి, చేతులు కట్టుకుని, తెర వైపు అనుమానంగా చూసేవారు.

చేరిన వారంలోనే నా మొదటి ఫైలు పంపాను. "పోయిందా?" అని అడిగారు. పోయింది సార్, మెయిల్ అందిందని కూడా వచ్చిందన్నాను.

"మెయిల్ గాదు బిడ్డా. వస్తువు పోయిందా?"

"ఫైలు వెళ్లింది కదా సార్!"

"బస్సెక్కించినవు, గంతే. దిగిందో లేదో నీకెట్ల ఎరుక? వాళ్లు తెరిచినంక, ఆ తెరిచిన ఫైలు మల్ల మనకు పంపుమను. దాన్ని కొలువు. గప్పుడు చెప్పు పోయిందని."

షాపంతా వినేలా అరిచారు. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని నేను వేరేగా కూర్చున్నాను. ఏబీసీడీలు సరిగా రాని మనిషి నాకు కంప్యూటర్ నేర్పడమేమిటని లోపల కుతకుతలాడిపోయాను. ఆయనే వచ్చి ఎదురుగా కూర్చుని, నా అలక కనపడనట్టే వాళ్ల నాయిన సంగతి ఎత్తుకున్నారు.

"మా నాయిన సర్వేయర్ల ఎంబడి భూమి కొలిచే గొలుసు పట్టేటోడు. హద్దురాయి పాతేటప్పుడు గుంతల ముందుగాల పిడికెడు బొగ్గులు పోసేటోళ్లు. ఎందుకో ఎరుకనా? పక్క చెల్కోడు రాయిని జరుపుతడు. కింద బొగ్గు ఉన్నట్టు వానికి తెల్వది. బొగ్గు మురగది, చెద పట్టది. తవ్వితే అసలు హద్దు దొరుకుతది. నీ మోడల్ల గూడ గట్ల ఒక బొగ్గు పెట్టు."

అలా పుట్టింది మా బొగ్గు. ప్రతి మోడల్ పక్కన, కాస్త ఎడంగా, ఒక చిన్న దిమ్మ. దాని మూడు వైపులా మూడు వేరువేరు కొలతలు. అవతల తెరిచినప్పుడు మోడల్ పెద్దదైనా చిన్నదైనా తెలుస్తుంది. ఒక మూల కోసి ఉంటుంది. అద్దంలో బొమ్మలా తిరగబడితే పట్టిస్తుంది. మధ్యలో ఒక సన్నటి రంధ్రం. కొన్ని సాఫ్ట్‌వేర్లు చిన్న రంధ్రాలను లోపాలనుకుని వాటంతట అవే పూడ్చేస్తాయి. అలా చేస్తే బొగ్గులో రంధ్రం కూడా పూడిపోతుంది, మాకు తెలిసిపోతుంది. ఒకసారి నిజంగానే పూడి తిరిగొచ్చింది. నేను పట్టుకుని చూపించాను. ఆ రోజంతా ఆయన నన్ను తిట్టలేదు. మా షాపులో మెచ్చుకోలు అంటే అదే.

మూడేళ్లు అలా గడిచాయి. ఒక పెద్ద కంపెనీకి పంపు బాడీ మోడల్ పంపాం. అందులో బేరింగ్‌కు నూనె అందించే సన్నటి రంధ్రం ఒకటుంది. వాళ్లు తెరిచి తిరిగి పంపిన ఫైలులో బొగ్గు లేదు. ఫోన్ చేస్తే వాళ్ల ఇంజనీరు నవ్వాడు. "ఏదో పనికిరాని ముక్క ఉంటే తీసేశాం మేడమ్. మిగతాదంతా సేమ్."

యాదయ్య సార్ నవ్వలేదు. "బొగ్గు తవ్వి పారేసినోడు రాయి జరపలేదంటే నమ్ముతవా? సంతకం పెట్టకు. బొగ్గుతోని మల్ల పంపుమను."

తిరిగొచ్చిన ఫైలు సరిగా ఉందని నేను సంతకం పెడితేనే వాళ్లు పని మొదలుపెట్టేది. మా ఓనర్ లోపలికొచ్చి కసురుకున్నాడు. "పొద్దటి సంది నాలుగుసార్లు ఫోన్ చేసిండ్రు వాళ్లు. నీ బొగ్గులు, బూడిదలు తర్వాత యాదయ్యా! పెట్టమ్మా సంతకం." నేను పెట్టేశాను. కనీసం ఆ నూనె రంధ్రం ఉందో లేదో వెతికి చూడాల్సింది. అదీ చూడలేదు.

మొదటి పంపు పరీక్షలోనే బిగుసుకుపోయింది. నూనె అందక బేరింగ్ మాడింది. రంధ్రం లేదు, వాళ్ల సాఫ్ట్‌వేర్ పూడ్చేసింది. మీ మోడల్‌లోనే లేదని వాళ్లు దబాయించారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు! ఇద్దరు మనుషులొచ్చి ఓనర్ గదిలో కూర్చున్నారు. తప్పు మాదేనని రాసిచ్చే దాకా లేచేది లేదన్నారు. మమ్మల్నిద్దరినీ పిలిచారు. నా చేతిలో ల్యాప్‌టాప్ ఉంది. తెర మీద మేం పంపిన అసలు మోడల్ ఉంది. అందులో రంధ్రం గుండ్రంగా, స్పష్టంగా ఉంది. ఓనర్ అది ముందే చూశాడు.

"నిజం నాకూ ఎరుకే. కస్టమర్ పోతే షాపుకు తాళమే," అని మా ఇద్దరికీ వినపడేలా గొణిగాడు. "ఎవరో ఒకరు పెట్టాలె. అమ్మాయి పెట్టినా సరే, ఎట్లాగూ ఆమె సంతకమే ఉన్నది గదా."

యాదయ్య సార్ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"పిల్లకు ఇంక ముప్పై ఏండ్ల కొలువున్నది. ఇటు తే," అని కాగితం లాక్కున్నారు. జన్మలో మౌస్ పట్టని మనిషి, మోడల్ తప్పుగా చేసింది తానేనని సంతకం పెట్టారు. నెల తిరక్కుండానే ఆ కాగితం చూపించి ఆయనను తీసేశారు. ఆ కంపెనీ మీద, ఆ ఓనర్ మీద నా కోపం ఇప్పటికీ దిగలేదు. దిగాలని నాకూ లేదు.

కొన్ని నెలలకు ఆయన ఆలేరులో మోటార్లు బాగుచేసే షాపులో చేరారని తెలిసి వెళ్లాను. రాగితీగ చుడుతున్నారు. వాళ్లు మీకు అన్యాయం చేశారు సార్ అంటూ మొదలుపెట్టాను. తల ఎత్తకుండానే ఆపేశారు.

"వాళ్ల ముచ్చట ఇడిసిపెట్టు. వాళ్లు గంతే. నాకు కోపం నీ మీద బిడ్డా."

ఆయన తీగ చుట్టడం ఆపలేదు.

"సంతకం నేను పెట్టిన, అది నా ఇష్టం. ల్యాప్‌టాప్ నీ చేతులనే ఉండె. జర వాళ్ల దిక్కు తిప్పితే అయిపోతుండె. నిన్ను మాట్లాడొద్దని ఎవలన్నరు?"

ఎవరూ అనలేదు. అదే చెప్పాను. ఆయన తీగ పక్కన పెట్టి, ఎదురు కొట్టు నుంచి రెండు చాయ్‌లు తెప్పించారు. "తాగు, సల్లారుతది," అన్నారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ మళ్లీ వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

ఇప్పుడు నేను వేరే కంపెనీలో డిజైన్ విభాగం చూస్తున్నాను. నా ప్రతి మోడల్ పక్కన బొగ్గు ఉంటుంది. ఈ రోజు ఆ మాడు వాసన ముక్కులో ఉండగానే, అవతలి కంపెనీ తెరిచి తిరిగి పంపిన ఫైలు వచ్చింది. తెరిచాను. బొగ్గు లేదు. ఫైలు సరిగా ఉందని సంతకం పెట్టాల్సిన కాగితం పట్టుకుని మేనేజర్ నా బల్ల దగ్గర నిలబడ్డారు.

"ఫైలు ఓపెన్ అయింది గదా మేడమ్, ఇంకేంది? పొద్దటి నుంచి మీ సంతకం కోసమే ఆగిండ్రు వాళ్లు."

సంతకం గడికి అడ్డంగా గీత కొట్టాను. ‘బొగ్గు రాలేదు, మళ్లీ పంపాలి’ అని రాసి, కింద నా పేరు ఇంటిపేరుతో సహా రాశాను. ఆయన ఆ కాగితం చదివి, బొగ్గేమిటి మేడమ్ అన్నారు.

ల్యాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పాను.