ఉల్లిపాయల ఇంట్లో వైను చదువు

మా ఇంట్లో ఎవరూ తాగరు. ఇది మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే తాగరు. తాడేపల్లిగూడెంలో మాది ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారం. కార్తీకమాసం వచ్చిందంటే ఆ ఉల్లిపాయ కూడా మా వంటింటి గడప తొక్కదు. ముందు కొట్లో లారీలకి లారీలు దిగుతుంటాయి, వెనక వంటింట్లో నేను అల్లంతో, ఇంగువతో నెట్టుకొస్తుంటాను. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల చేసే ఉద్యోగం ఏమిటంటే, విదేశాల నుంచి వైను తెప్పించి పెద్ద హోటళ్ళకి అమ్మే ఒక హైదరాబాదు కంపెనీలో ఆ సీసాల గురించి రాయడం. ఏ దేశం, ఏ ద్రాక్ష, రుచెలా ఉంటుంది, ఏ వంటకంతో పుచ్చుకోవాలి, అన్నీ. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని రాస్తుంది.

పెళ్ళిచూపుల్లో ఈ సంగతి బయటపడగానే మా ఆయన చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. సంబంధం అక్కడికక్కడే తప్పిపోయేది. నేనే అడ్డుపడ్డాను. "కార్తీకమాసంలో మనం ఉల్లిపాయ ముట్టుకోం. అలాగని అమ్మడం మానేస్తున్నామా? ఆ అమ్మాయి కూడా అంతే. అమ్ముకోనివ్వండి, తను ముట్టుకోకుండా ఉంటే చాలు" అన్నాను. మా ఆయన కాఫీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి "చుక్క కూడా ముట్టుకోనండీ" అని మాటిచ్చింది. ఎంత బాగా తేల్చానని అప్పట్లో నా భుజాలు నేనే చరుచుకున్నాను.

పెళ్ళయ్యాక కంపెనీవాళ్ళు దాన్ని ఒక పరీక్షకి కట్టమన్నారు. స్పెయిన్, పోర్చుగల్ వైన్ల మీద. అందులో ఒక భాగం రాత, రెండోది రుచి. రాతలో మా పిల్లకి తిరుగులేదు. రెండోదాంట్లో గ్లాసులు వరసగా పెడతారట. ఒక్కొక్కటీ నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న గిన్నెలోకి ఉమ్మేసి, ఇది ఫలానా చోట పండింది, దీనికింత పులుపు, ఇంత వగరు అని రాయాలట. అందులో మాత్రం రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని కంపెనీ తెగేసి చెప్పింది. "వాసన పట్టడం కుదరట్లేదండీ అత్తయ్యగారూ" అంది తలొంచుకుని. నిద్ర సరిగా పోవడం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి పిల్లని తప్పించడానికి వాళ్ళెవరు? పరీక్ష దేనిమీదైతే నాకేం, నేను చదివిస్తాను అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను మంచం మీద, తను కింద చాప మీద. పరీక్ష కోసం తను రాసుకున్న కార్డులు నా చేతిలో. ఇంగ్లీషు కూడబలుక్కుని ప్రశ్నలు అడిగేదాన్ని. గలీసియా అని స్పెయిన్‌లో ఒక మూల. సముద్రం పక్కన, ఎప్పుడు చూసినా వానే. అక్కడ అల్బరీన్యో అనే తెల్లద్రాక్షని రాతి గుంజల మీద పందిరేసి పాకిస్తారట, కింద నుంచి గాలి ఆడకపోతే గుత్తులు కుళ్ళిపోతాయని. మా పెరట్లో పొట్లపాదుకి నేను చేసేదీ అదే. ఎండ తక్కువ కాబట్టి కాయలో పులుపు చావదు. ఈ కార్డు నాకు ఇట్టే ఎక్కేసింది. పోర్చుగల్‌లో అలెంతేజో అనే చోట మా గూడెం మే నెలంత ఎండలట, పెద్దపెద్ద మట్టిబానల్లో పులియబెడతారట. జాడీల్లో ఊరగాయ పెట్టే నాకు ఈ ఒక్క ఊరివాళ్ళకే పద్ధతి తెలుసు అనిపించింది.

గొడవంతా డోరో లోయ దగ్గర వచ్చింది. అది కూడా పోర్చుగల్‌లోదే. అక్కడ నేలంటూ లేదు, అంతా పలకరాయి. కొండని మెట్లు మెట్లుగా తొలిచి, ఆ రాళ్ళలో తీగలు పెడతారు. నీళ్ళ కోసం వేళ్ళు రాతి పగుళ్ళలోంచి కిందకి, ఇంకా కిందకి దిగుతాయి. పైన మాడిపోయే ఎండ. కాయ చిన్నది, తోలు మందం, పంట తక్కువ. అందుకే రంగు చిక్కగా, వగరు గట్టిగా ఉంటుంది, అందుకే ధర ఎక్కువ.

వరండాలో పేపరు చదువుతున్న మా ఆయన లేచి వచ్చేశారు. "రాళ్ళలో వేసి, నీళ్ళు పెట్టకుండా, పంట తక్కువొస్తే ధర ఎక్కువా? ఎవరే చెప్పింది?"

"మంచి నేలై, నీళ్ళు సమృద్ధిగా ఉంటే తీగ ఆకులే పెంచుకుంటుందండీ మావయ్యగారూ. పండు చప్పబడిపోతుంది" అంది కోడలు.

"అంటే మన గణపవరం పొలం దేనికీ పనికిరాదంటావా?"

"వైను ద్రాక్షకైతే పనికిరాదండీ."

ఒండ్రునేల, కాలవ కింద పొలం, తాతలనాటిది. దాన్ని ఇంతమాట ఎవరూ అనలేదు. ఆ రాత్రి ఆయన పెరుగన్నం తినకుండానే లేచిపోయారు. రెండురోజులు ముభావంగా ఉండి, మూడోనాడు కొట్లో ఉల్లిపాయలు ఏరుతూ ఏరుతూ తనే దారికొచ్చారు. కర్నూలు ఉల్లి తొందరగా మెత్తబడుతుంది, మహారాష్ట్ర ఉల్లి నెలలు నిలవుంటుంది, నేల తేడా కాకపోతే ఇంకేమిటి అని ఇంటికొచ్చి కోడలికి చెప్పారు. ఇది తను కనిపెట్టినట్టే చెప్పారు. కోడలూ అలాగే విన్నది.

హెరెస్ కార్డు దగ్గర మళ్ళీ పేచీ. స్పెయిన్‌కి దక్షిణాన సున్నంలా తెల్లటి నేల. శీతకాలం వానల్ని పీల్చి దాచుకుని, పైన అట్టకట్టి, ఎండాకాలమంతా వేళ్ళకి కాస్తకాస్త ఇస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. సముద్రం మీంచి వచ్చే తేమగాలికి పీపాల్లో వైను మీద తెల్లటి పొర కడుతుందట. దాన్ని తీసి పారెయ్యరట. చెదరకుండా కాపాడుకుంటారట, ఆ పొర వల్లే ఆ రుచి వస్తుందట. నాకు చెమటలు పట్టాయి. తెల్లపొర అంటే బూజేగా! నిమ్మకాయ ఊరగాయ మీద అది కనిపిస్తే తడిచెయ్యి ఎవరు పెట్టారని ఇల్లంతా విచారణ చేసేదాన్ని నేను. ఆ వారమే ఒక జాడీకి బూజు పట్టింది. పారబోద్దామంటే మా ఆయన జాడీకి అడ్డం నిలబడ్డారు. "ఆగవే, స్పెయిన్‌లో దీనికి డబ్బులిస్తున్నారు" అని. ఒక ముక్క తిని చూపించారు కూడా. మర్నాడు కొట్టుకి వెళ్ళలేకపోయారు.

ఈ చదువు వల్ల నాకు మాత్రం ఒక మేలు జరిగింది. నా పుట్టిల్లు కైకలూరు. కొల్లేటి అంచు, చేపల చెరువుల మధ్య ఊరు, బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. అక్కడ మా అమ్మ నేర్పిన పులుసు ఇక్కడికొచ్చి కాస్తే అదే పులుసు కాలేదు. ఈ పిల్ల చేతిలో రుచి లేదని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉన్నారు. నేనూ నమ్మేశాను. నీరూ నేలా మారితే ఒకే తీగ ఇంకో రుచి ఇస్తుందని ఆ కార్డుల్లో చదివిన రోజు నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను. నా చేతిదేం తప్పు లేదు. ఈ మాట నాకు చెప్పడానికి ఎక్కడో స్పెయిన్ వాళ్ళు దిగిరావాల్సి వచ్చింది.

ఇక రుచి పాఠం. వగరుకి వాళ్ళ పుస్తకంలో అరపేజీ వివరణ ఉంది. మనకి ఒక్క మాట చాలు. స్టీలు గ్లాసుల్లో వక్క నానబెట్టిన నీళ్ళు, నేరేడుపండు గుజ్జు, అరటిదూట రసం, చింతపండు పులుసు, నిమ్మరసం పోసి వరసగా పెట్టాను. ఏది ఎంత వగరో, ఎంత పులుపో ఒక్కటి కూడా తప్పకుండా చెప్పేసింది. నేను తెల్లబోయాను. "ఇంత బాగా తెలుస్తుంటే అక్కడెందుకే తప్పుతున్నావు?"

గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు అంది. "వాసనకి వగరు తెలియదు కదండీ. నోట్లో పోసుకోవాలి. మీకు మాటిచ్చాను కదండీ."

రెండు పరీక్షల్లోనూ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, దించేసి, మిగతాది ఊహించి రాసి వచ్చింది పిచ్చిపిల్ల. మాట తీసుకున్నది నేనే, ఇప్పుడు దాని నోరు కట్టేసిందీ నేనే.

తీసుకున్న మాట దానికి తిరిగి ఇచ్చేస్తానంటే మా ఆయన అలా కుదరదన్నారు. పెద్దవాళ్ళని అడగాలన్నారు. మా పురోహితుడు పంతులుగారికి ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"పంతులుగారూ, ఒక సందేహమండీ. మద్యం నోట్లో పోసుకుని ఉమ్మేస్తే తాగినట్టా, కాదా?"

అటు నుంచి ఎదురు ప్రశ్న వచ్చింది. "ఎవరికండీ?"

"ఒకళ్ళకి లెండి."

పంతులుగారు గొంతు తగ్గించారు. "గొంతు దిగనంతవరకూ తాగినట్టు కాదండీ. పుక్కిలించి ఉమ్మి, నోరు కడుక్కుని, ఆచమనం చెయ్యమనండి. మెల్లమెల్లగా మానెయ్యొచ్చండీ, దిగులు పడకండి."

మర్నాటికల్లా ఉల్లిపాయల మార్కెట్టులో అందరూ మా ఆయన్ని జాలిగా చూడ్డం మొదలెట్టారు. పక్క కొట్టాయన టీ తెప్పించి, తన బావమరిది ఎలా మానేశాడో గంటసేపు చెప్పాడట. పంతులుగారు స్వయంగా వచ్చి చేతికి తోరం కట్టి వెళ్ళారు. అసలు సంగతి చెబితే కోడలి పేరు బయటికొస్తుందని ఆయన నోరు మూసుకుని కట్టించుకున్నారు. ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

కోడల్ని పిలిచి చెప్పాను. "నీ మాట నీకు తిరిగి ఇచ్చేశాను. నోట్లో పోసుకో. కానీ గొంతు దిగకూడదు. ఉమ్మెయ్యాలి." అలాగేనండీ అంది.

పరీక్షకి హైదరాబాదు మా అబ్బాయి తోడు వెళ్ళాడు. తిరుగు రైలు ఎక్కిందగ్గర్నుంచి గూడెం స్టేషను దాకా ఒళ్ళెరక్కుండా నిద్రపోయిందని చెప్పాడు. చదివి చదివి అలిసిపోయింది పాపం అనుకున్నాను.

ఆ తర్వాత మాత్రం దాని వాలకం మారింది. రోజూ సాయంత్రం దీపం పెట్టే పిల్ల దేవుడి గది వైపే వెళ్ళడం మానేసింది. ఒకరోజు తలనొప్పి, ఒకరోజు స్నానం ఆలస్యమైంది. ఆవకాయ జాడీలు కూడా నన్నే దించుకోమనేది. అన్నం సరిగ్గా తినడం లేదు. నేను విశేషం అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా పాత మెత్తటి చీరలు తీసి ఉతికి ఆరేశాను కూడా.

ఫలితం ఫోనుకే వచ్చింది. పాసయింది. రుచి పరీక్షలో మంచి మార్కులు. మా ఆయన కొట్లోంచి పరుగున వచ్చారు, స్వీట్లు తెప్పించారు. కోడలు ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. వంటింట్లో నా వెనకాలే వచ్చి నిలబడి ఏడుపు మొదలెట్టింది.

"అత్తయ్యగారూ, నేను ఉమ్మలేదండీ."

"ఏమిటే?"

"ఎదురుగా పరీక్ష పెట్టేవాళ్ళల్లో ఒకాయన కూర్చున్నారండీ. తెల్లజుట్టు, కళ్ళజోడు, మావయ్యగారంత వయసు. నన్నే చూస్తున్నారండీ. అంత పెద్దాయన ముందు ఎలా ఉమ్మనండీ? మొదటిది ఎలాగో మింగేశాను. తర్వాతవి కూడా అంతేనండీ."

"అన్నీనా?"

"అన్నీనండీ."

అందరూ గిన్నెల్లోకి ఉమ్ముతుంటే, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ముందు ఈ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని గుటక వేస్తున్నట్టు కనిపించింది నాకు. కోపం వస్తుందేమోనని నేనే ఒక్క క్షణం చూశాను. రాలేదు. దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"తాగితే తాగావు గానీ" అన్నాను, "పెద్దాయన మొహమ్మీద ఉమ్మి వచ్చావని తెలిస్తే మాత్రం నేను ఈ ఊళ్ళో తలెత్తుకోలేకపోయేదాన్నే తల్లీ. కాళ్ళు కడుక్కుని వెళ్ళి దీపం పెట్టు."